రెండో ధర వేలం అంత మంచిదైతే బయట ఎందుకు కనిపించదు?

ఎమ్మే_రెండో_ఏడు:
గేమ్ థియరీ పేపర్‌కి చదువుతూ ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో రాసిన వ్యాసం దగ్గర ఆగిపోయాను. అందరూ సీల్డ్ కవర్లో ధర రాసిస్తారు. ఎక్కువ రాసినవారిదే వస్తువు, కానీ కట్టేది రెండో స్థానంలో ఉన్నవారు రాసిన ధర. మనకు ఆ వస్తువు ఎంత విలువో అంతే రాయడం కంటే మెరుగైన ఎత్తుగడ లేదు, రుజువు కూడా అర్థమైంది. మరి స్పెక్ట్రమ్ (మొబైల్ ఫోన్లు వాడే రేడియో తరంగాలు) అమ్మే ప్రభుత్వాలు ఎక్కువగా దీన్ని ఎందుకు వాడవు? మా సార్‌ని అడిగితే "ప్రాక్టికల్ ఇబ్బందులు" అని ఊరుకున్నారు.

సీల్డ్‌కవర్:
వాడి చూశారండీ. 1990లో న్యూజిలాండ్. ఒక కంపెనీ లక్ష డాలర్లు రాసి, కట్టింది 6 డాలర్లు. ఇంకొకటి 70 లక్షలు రాసి 5 వేలు కట్టింది. అన్నీ న్యూజిలాండ్ డాలర్లే. పోటీ పలచన, పైగా కనీస ధర పెట్టలేదు. తప్పు విక్రీ సిద్ధాంతానిది కాదు, కానీ ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసిన జనానికి ఆ మాట ఎవరు చెప్పగలరు?

నాష్_ఫ్యాన్:
అయినా రెవెన్యూ ఈక్వివలెన్స్ ప్రకారం ఏ పద్ధతైనా సగటున వచ్చే డబ్బు ఒకటే కదా. ఏది వాడితే ఏంటి?

వేలంపిచ్చి:
పీహెచ్‌డీ మొత్తం వేలాల మీదే చేశాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓర్చుకోండి. ఆ సిద్ధాంతం ఎంత మంది వస్తారో ముందే ఖాయం అనుకుంటుంది, ఎవరి పాట వాళ్లు పాడుకుంటారనీ అనుకుంటుంది. అసలు వేలాలు దెబ్బతినేది ఈ రెండు చోట్లే. వేలాల మీద పనిచేసిన ఆర్థికవేత్త పాల్ క్లెంపరర్ రాసినవి చదివాక నేను సమీకరణాల కంటే వీటి మీదే ఎక్కువ టైం పెట్టాను.

1999 జర్మనీ చూడండి. పది స్పెక్ట్రమ్ బ్లాకులు, పాట పెంచాలంటే కనీసం 10 శాతం పెంచాలి. మానెస్‌మాన్ అనే ఫోన్ కంపెనీ మొదటి రౌండ్లోనే అయిదు బ్లాకులకు మెగాహెర్ట్జ్‌కి 18.18 మిలియన్ మార్కులు (అప్పటి జర్మనీ కరెన్సీ), మిగతా అయిదింటికి 20 మిలియన్లు పాడింది. 18.18కి 10 శాతం కలపండి, దాదాపు 20 వస్తుంది. అంటే పోటీలో ఉన్న టీ-మొబిల్‌కి అందరి ముందే "ఆ అయిదూ 20కి నువ్వు తీసుకో, ఈ అయిదూ నాకు వదిలెయ్" అని చెప్పినట్టు. రెండు రౌండ్లలో వేలం ముగిసింది, చెరి సగం. ఫోన్ కాల్ కూడా అక్కర్లేని సిండికేట్!

ఇక ఎంత మంది వస్తారన్నది. 2000లో బ్రిటన్ 3జీ వేలంలో పాత కంపెనీలు నాలుగు, లైసెన్సులు అయిదు. ఒకటి కొత్తవాళ్లకే అని తేలిపోయింది కాబట్టి మొత్తం 13 మంది వచ్చారు, 2,250 కోట్ల పౌండ్లు పలికింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో లైసెన్సులు అయిదు, పాత కంపెనీలూ అయిదే. గెలవలేమని తెలిసి బలమైన కొత్తవాళ్లు ఎవరు దిగుతారు? తలసరి లెక్కన బ్రిటన్‌లో 650 యూరోలు వస్తే అక్కడ 170. రెండూ పెంచుకుంటూ పోయే పాటలే.

ఎమ్మే_రెండో_ఏడు:
థాంక్యూ అండీ. రెండో ధర పద్ధతిలో సిండికేట్ ఇంకా తేలికా?

వేలంపిచ్చి:
చాలా తేలిక. ఇద్దరే ఉన్నారు, మీకు విలువ 100, నాకు 80 అనుకోండి. మీరు 100 రాసేటట్టు, నేను సున్నా రాసేటట్టు ఒప్పందం. నేను మాట తప్పి గెలవాలంటే 100 పైన రాయాలి, 80 విలువ చేసేదానికి 100 కట్టాలి. నాకేం పిచ్చా? మొదటి ధర పద్ధతిలో, అంటే గెలిచినవారు తాము రాసిందే కట్టేచోట అయితే ఒప్పందం లాభించాలంటే మీరు 1 రాయాలి. నేను గుట్టుగా 2 రాస్తే వస్తువు నాది, 78 లాభం. పరీక్షలో ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేయండి.