మన చిన్నోడు ప్రో కబడ్డీకి రెడీనా, ఇంకో ఏడాది ఆగాలా?

కావలి కార్నర్:
సంక్రాంతి టోర్నమెంట్లు తిరిగి చూసినోళ్ళకి ఎవరి సంగతో పేరు చెప్పకపోయినా తెలుసు. సింగరాయకొండ వైపు కుర్రోడు, పద్దెనిమిది నిండినయ్, కూతకెళ్తే ఉత్త చేతుల్తో తిరిగిరాడు. ఇప్పుడు ఒక ప్రో కబడ్డీ టీమోళ్ళు ట్రయల్స్‌కి పిలిచారు, న్యూ యంగ్ ప్లేయర్ కింద (వేలం లేకుండా కొత్త కుర్రోళ్ళని తీసుకునే పద్ధతిలే) తీసుకుంటారని గ్రూపుల్లో ఒకటే హడావుడి. నాకూ సంతోషమే, మన నెల్లూరు ప్రకాశం పిలకాయల్లో ఒకడు ఆ మ్యాట్ మీద కనపడాలని ఎప్పట్నుంచో చూస్తన్నా. కానీ ఈ సీజన్లోనే మ్యాచులాడేంత రెడీ కాలా అని నా గట్టి అభిప్రాయం.

వాడి బలమంతా బోనసు (బోనస్ లైను దాటి కాలు పెట్టి తెచ్చే పాయింటు), రన్నింగ్ హ్యాండ్ టచ్ (పరుగు మీదే చెయ్యి తగిలించడం). మన ఊళ్ళ టీముల్లో డిఫెన్స్ అంటే ఎవరికి వాళ్ళు ఎగబడటమే, ఒకడు తొందరపడి ముందుకొస్తే చాలు వాడు చెయ్యి తగిలించి లైను దాటేస్తాడు. ప్రో కబడ్డీలో అట్టా ఎవడూ రాడు. కార్నరూ (చివర నిలబడే డిఫెండర్) పక్కనోడూ చేతులు పట్టుకుని చైన్‌గా కదుల్తా ఉంటారు, బోనస్‌కి కాలు చాపిన క్షణంలోనే యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) పడుద్ది, ఆ పట్టు విడిపించుకునేలోపు లోపలుండే కవర్ డిఫెండర్ వచ్చి అడ్డం పడతాడు. మొన్న సెమీస్‌లో తమిళనాడు నుంచొచ్చిన టీమ్ సరిగ్గా ఇదే చేస్తే సెకండాఫ్‌లో సగంపైన వాడు బయటే కూర్చున్నాడు. ఇంకోటి, ఎదురు ఐదుగురో నలుగురో మిగిలితే బోనసే ఉండదు, అప్పుడు డూ ఆర్ డై రైడ్ (పాయింటు తేకపోతే అవుటయ్యే కూత) పడితే వీడి చేతిలో ఏముంది? డుబ్కీ (వంగి చైన్ కింద నుంచి దూరిపోవడం) లేదు, కిక్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటన్నాడు.

ఒంగోలు రైడర్:
అన్నా నువ్వు చెప్పిన లోపాలన్నీ నిజమే, కానీ అవి పోవాలంటే వాడు యాడుండాలి? మట్టి కోర్టులో ఇంకో ఏడాది ఆడితే చైన్ తప్పించుకోవడం ఎట్టా వస్తది, చైన్ పట్టేవాళ్ళే ఇక్కడ లేనప్పుడు. రైడర్ నవీన్ కుమార్ 2018లో దబంగ్ ఢిల్లీ తరఫున దిగినప్పుడు వాడికీ పద్దెనిమిదే, తర్వాతి సీజన్‌కి రైడ్ పాయింట్లు 300 దాటించాడు, వరసబెట్టి సూపర్ టెన్లు (ఒక్క మ్యాచ్‌లో పది రైడ్ పాయింట్లు) కొట్టాడు. పట్నా పైరేట్స్‌లో అయాన్ కూడా సీజన్ 11లో (2024) కొత్త కుర్రోడిగానే వచ్చి పెద్ద రైడర్ దేవాంక్ పక్కన నిలబడి ఆడాడు. 2014 నుంచి లీగ్ నడస్తంటే మన పేరు పెట్టుకున్న తెలుగు టైటాన్స్‌లో కూడా ఎక్కువమంది బయటి రాష్ట్రాల వాళ్ళే ఆడారు, తెలుగు పిలకాయలకి పిలుపు రావడమే గగనం. వచ్చినోణ్ణి మనమే వద్దు ఆగు అంటే ఇంకెవరిని తప్పుబట్టాలన్నా?

కావలి కార్నర్:
నవీన్ భివానీ వాడు తమ్ముడూ. ఆ హర్యానాలో పదేళ్ళకే అకాడమీలో చేరతారు, పొద్దునా సాయంత్రం మ్యాట్ మీదే ఉంటారు, వాళ్ళ పద్దెనిమిదీ మనోడి పద్దెనిమిదీ ఒకటెట్టా అవుద్ది. అంత పెద్ద రైడర్ పర్దీప్ నర్వాల్‌నే చూడు, 2015లో బెంగళూరుకి ఆడినప్పుడు ఎవరూ పట్టించుకోలా, దొరికిన కొద్ది మ్యాచుల్లో పాయింట్లూ పెద్దగా రాలా.

ఒంగోలు రైడర్:
మరి ఆ తర్వాతి సీజన్లోనే కదా పట్నాకెళ్ళి కప్పు కొట్టించింది, వరసగా మూడు సార్లు. బెంగళూరు క్యాంపులో ఆ ఏడాది పెద్దోళ్ళతో ప్రాక్టీస్ చెయ్యకుండా ఊళ్ళోనే ఉండుంటే అంత తొందరగా ఎదిగేవాడా? దేవాంక్‌కీ జైపూర్‌లో పెద్దగా ఆడే అవకాశం రాలా, తర్వాత పట్నాలో సీజన్ 11లో 301 రైడ్ పాయింట్లు. బెంచీ మీద కూర్చోవడం కూడా చదువే అన్నా.

పీఈటీ మాస్టారు (కందుకూరు):
ఇద్దరూ ఆట గురించే మాట్లాడతన్నారు, నాకు వాడి మోకాళ్ళ గురించి భయం. మట్టి మీద కాలు జారుద్ది, ఆ జారుడే ఒకరకంగా కాపాడుద్ది. మ్యాట్ మీద షూ వేసుకుని గబుక్కున తిరిగితే అడుగు అతుక్కుపోయినట్టు ఆడే ఉంటది, ఒళ్ళు మాత్రం తిరుగుద్ది, బరువంతా మోకాలి మీద పడుద్ది. దానికి తోడు ఎనభై కిలోల డిఫెండర్ నడుము పట్టి లాగితే ఇంక చెప్పేదేముంది. పవన్ షెరావత్ లాంటి ఒళ్ళున్న రైడరే 2022లో వేలంలో 2 కోట్ల 26 లక్షలకి తమిళ్ తలైవాస్‌కెళ్ళి మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలించుకుని సీజనంతా బయటున్నాడు. నవీన్ కూడా సీజన్ 10లో మోకాలితోనే పోయాడు. మనోడు చూస్తే అరవై రెండు అరవై మూడు కిలోలున్నాడు, తొడల్లో బలం లేదు, సరైన జిమ్ ముఖం చూళ్ళా. మన టోర్నమెంట్లలో టైము తగ్గించి ఆడిస్తారు, అక్కడ పూర్తిగా నలభై నిమిషాలు, ప్రతి కూతా ముప్పై సెకన్లు, సీజనంటే నెలల తరబడి ప్రయాణాలు.

పంపొద్దని నేనన్లా. ముందు ఆరు నెలలు మ్యాట్ ఉన్నచోట పెట్టి స్క్వాట్లు చేయించి, యువ కబడ్డీ సిరీస్ లాంటి వాటిల్లో ఆడించి పంపండి అంటన్నా, అది ఇరవై మూడేళ్ళ లోపు వాళ్ళ కోసం పెట్టిందే, అక్కడ ఎదురాడేది వాడి వయసోళ్ళే.

ఉలవపాడు పద్మక్క:
మాస్టారూ నమస్తే. నేను ఆ కుర్రోడికి అత్త వరస అవుతా. మీరందరూ రెడీనా కాదా అంటన్నారు, ఆ ఇంట్లో వాళ్ళు అడిగేది వేరే. వాళ్ళ నాన్న పడవకి పోతేనే ఇల్లు గడిచేది. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు మధ్యలో ఉన్నయ్. టీవీలో కనపడితే ఊరంతా సంబరపడుద్ది, రేపు కాలికి దెబ్బ తగిలి ఇంటికొస్తే చూసేదెవరు? నేషనల్స్‌కి ఆడి సర్టిఫికెట్ ఉంటే రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటాకి దారి ఉంటదని అందరూ చెప్పేదే, మరి ముందు రాష్ట్రం జట్టుకి ఆడించి ఆ కాగితం చేతికొచ్చాక పంపితే నష్టమేంటి?

ఒంగోలు రైడర్:
అక్కా మీ భయం న్యాయమే. కాకపోతే రాష్ట్రం జట్టులోకి రావడం కూడా అంత తేలికేం కాదు, ప్రో టీమ్ క్యాంపులో ఉన్నోడంటే సెలెక్టర్లు ఇంకోసారి చూస్తారు.

కావలి కార్నర్:
పద్మక్కా, మంచి మాట చెప్పారు. నేను మొదట్నుంచీ అంటంది మ్యాచుల్లో దించడం గురించే, క్యాంపుకి పోవద్దని కాదు. పోనీండి, పెద్ద డిఫెండర్ల పట్టు ఎట్టుంటదో ఒంటికి తెలియాలి. కానీ ఈ సీజన్లో స్టార్టింగ్ సెవెన్‌లో వాణ్ణి దింపితే రెండు మూడు మ్యాచుల్లో వరసగా అవుటై, సోషల్ మీడియాలో తిట్లు తిని ధైర్యం పోగొట్టుకుంటాడు, రైడర్‌కి ధైర్యం పోతే కాళ్ళు కదలవు. తీసుకుంటే రెండేళ్ళ ఒప్పందం మీద తీసుకోమనండి, మొదటి ఏడాది ప్రాక్టీసుకే.

ట్రయల్స్ పరీక్షల్లో పడితే తేదీ మార్చమని అడగాలి, సిగ్గుపడొద్దు. సెలెక్ట్ అయితే కాగితం మీద సంతకం పెట్టకముందు మూడు అడగండి అక్కా: దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఆడకుండా కూర్చున్నా డబ్బులిస్తారా, సీనియర్ నేషనల్స్ వస్తే వదుల్తారా. కాగితం ఇంగ్లీషులో ఉంటే ఫొటో తీసి మాస్టారికి పంపండి, వాళ్ళ నాన్న చేత సంతకం పెట్టించేముందు ఎవరైనా లాయర్‌కి కూడా చూపిద్దాం. ఒంగోలు తమ్ముడూ, ట్రయల్స్‌కి తోడెళ్ళేది నువ్వే కదా, మ్యాట్ షూ వాడి సైజుకి ముందే కొని ఓ వారం తొడిగించు, కొత్త షూతో అక్కడికెళ్ళి దిగనీయొద్దు.