సీళ్లన్నీ మార్చినా ఎయిర్ రైఫిల్‌కి పవర్ రావట్లేదు, ట్యూబే పోయిందా?

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ రైఫిల్, బ్యారెల్ వంచి కాక్ చేసే (స్ప్రింగ్ బిగించే) రకం, 4.5 మి.మీ. 8.4 గ్రెయిన్ల పెల్లెట్‌తో క్రోనోగ్రాఫ్‌లో (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) సెకనుకు 430 నుంచి 500 అడుగులు చూపిస్తోంది. వేగం తక్కువ రావడం ఒక ఎత్తు, షాట్‌కీ షాట్‌కీ ఇంత తేడా రావడం ఇంకో ఎత్తు.

స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టే విప్పాను (వట్టి చేతులతో విప్పేవాళ్లని చూస్తే నాకు భయం). కొత్త స్ప్రింగ్, బ్రీచ్ (బ్యారెల్ వెనక చివర) ఓ-రింగ్, పాలీయురేథేన్ పిస్టన్ సీల్ వేశాను. సీల్ ఎక్కించే ముందు కాకింగ్ స్లాట్ (కాకింగ్ లివర్ కదిలే గాడి) అంచుల్ని సన్న ఎమరీతో రుద్దాను. మళ్లీ తీసి చూస్తే సీల్ అంచు మీద ఒక్క గాటు కూడా లేదు. మాలీ (మాలిబ్డినం) గ్రీజు పక్కల్లో పల్చగా పూశానంతే, సీల్ ముందువైపు అసలు పెట్టలేదు. పొగ, డీజిలింగ్ (లోపల గ్రీజు మండిపోవడం) లేవు. బ్రీచ్ జాయింట్ మీద టిష్యూ ముక్క పెట్టి కాలిస్తే కదలట్లేదు, కాబట్టి లీకు అక్కడ కాదు.

ఇక అనుమానం పిస్టన్ గాలిని నొక్కే కంప్రెషన్ ట్యూబ్ మీదే. బ్యారెల్, స్ప్రింగ్ తీసేసి, ట్రాన్స్‌ఫర్ పోర్టును (ట్యూబ్ నుంచి బ్యారెల్‌కి గాలి వెళ్లే రంధ్రం) వేలితో మూసి పిస్టన్‌ని లోపలికి నెట్టితే మొదట్లో గాలి గట్టిగానే ఎదురు తంతోంది. చివరి రెండు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి మెల్లగా జారిపోతోంది. టార్చి వేసి చూస్తే సరిగ్గా అక్కడే తుప్పు తిన్న గుంటలు. సన్న పుల్లతో గీస్తే గరగరా తగులుతున్నాయి.

ఇలాంటి ట్యూబ్‌కి హోనింగ్ చేసి (లోపలి గోడను అరగదీసి నునుపు చేసి) కాస్త పెద్ద సైజు సీల్ వేస్తే వేగం నిలకడగా వస్తుందా, లేక ట్యూబ్ మార్చక తప్పదా? చేసి చూసినవాళ్లు చెప్పగలరా?