కంటోన్మెంట్‌లో మాకు దిక్కెవరు, కేంద్రమా రాష్ట్రమా?

అల్వాల్‌లో ఉన్నన్నాళ్ళు ఈ డౌటే రాలేదు, ఇప్పుడు లోతుకుంట వైపు సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోకి, అంటే మిలిటరీ ఏరియాలోకి అద్దెకి మారాం, ఓనర్ ఇంటి పన్ను కంటోన్మెంట్ బోర్డుకి కడతాడు, ఎమ్మెల్యేకి ఓటు అందరిలాగే వేస్తాం, రోడ్డు వెడల్పు సంగతి ఎత్తితే మాత్రం డిఫెన్స్ పర్మిషన్ కావాలంటారు. మా బావేమో కేంద్రం హెడ్డాఫీసు, రాష్ట్రం బ్రాంచి, హెడ్డాఫీసు చెప్పిందే ఫైనల్ అంటాడు. నిజంగా అంతేనా? తెలిసినవాళ్ళు సింపుల్‌గా చెప్పండి ప్లీజ్.

లా_చదివినోడు:
బ్రాంచికి పవర్ హెడ్డాఫీసు ఇస్తుంది, రాష్ట్రానికి పవర్ ఇచ్చింది కేంద్రం కాదండీ, రాజ్యాంగం. ఏడో షెడ్యూల్లో మూడు జాబితాలున్నాయి, కేంద్రం, రాష్ట్రం, ఉమ్మడి. కేంద్ర జాబితాలో 3వ ఎంట్రీ చూడండి, కంటోన్మెంట్ల హద్దులు, అక్కడి స్థానిక పాలన, ఆఖరికి ఇళ్ళ అద్దెల కంట్రోల్ కూడా అందులోనే. మామూలు మున్సిపాలిటీలు రాష్ట్ర జాబితా 5వ ఎంట్రీ, అందుకే అల్వాల్‌లో మీకు ఈ గోల తెలీలేదు. పోలీసు రాష్ట్ర జాబితాలో 2వది, కాబట్టి మీ ఇంట్లో దొంగలు పడితే వచ్చేది రాష్ట్ర పోలీసులే, మిలిటరీ కాదు. కరెంటు ఉమ్మడి. ఒకే వీధిలో ఇన్ని చేతులు అన్నమాట. బోర్డు నడిచేది 2006 కంటోన్మెంట్ల చట్టం కింద, దానికి అధ్యక్షుడు అక్కడి మిలిటరీ స్టేషన్ కమాండరే.

మారేడ్‌పల్లి_పోరడు:
ఎలక్షన్ల ముచ్చట గూడ చెప్పున్రి అన్నా. బోర్డుకు ఆఖరి ఎలక్షన్లు 2015ల అయినయ్, 2023ల ఏప్రిల్ 30కి పెడ్తమని నోటిఫికేషన్ ఇచ్చి మార్చిలనే రద్దు జేసిన్రు. గిప్పుడు రోడ్ల కథ ఇను. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) కాడికెళ్ళి శామీర్‌పేట పోయే రాజీవ్ రహదారి రాష్ట్రానిదే, దాని మీద ఎలివేటెడ్ కారిడార్, గదే పిల్లర్ల మీద రోడ్డు, కడ్తమన్నది రాష్ట్రమే, గని పిల్లర్ పాతాలంటే జాగ రక్షణ శాఖది. ఎన్నేండ్లు లెటర్లు రాస్తే 2024 మార్చిల ఒప్పుకున్నరు. పబ్లిక్ మాత్రం రోజూ ట్రాఫిక్‌ల ఇరుక్కొని ఎమ్మెల్యేనే తిడ్తరు, పాపం.

కూకట్‌పల్లి_గోదారోడు:
పుస్తకం ప్రకారం లా గారు చెప్పింది కరెక్టే, కానీ బావగారిని మరీ తీసిపారేయకండి. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ రాష్ట్ర విభజన బిల్లు వద్దని తీర్మానం చేసి పంపింది, ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసేసింది, ఎందుకంటే రాజ్యాంగంలో కొత్త రాష్ట్రాల సంగతి చెప్పే ఆర్టికల్ 3 ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పన్లేదు. విభజన మంచిదా కాదా అని ఇక్కడ మొదలెట్టకండి బాబూ, పవర్ ఎవరి చేతిలో ఉందో చెప్తున్నా అంతే. చదువు కూడా అంతే, ఒకప్పుడు రాష్ట్ర జాబితాలో ఉండేది, 1976లో 42వ సవరణతో ఉమ్మడిలోకి పోయింది, ఉమ్మడిలో ఇద్దరి చట్టాలూ కొట్టుకుంటే మామూలుగా నెగ్గేది కేంద్రానిదే. ఇక డబ్బులు. పన్నుల వాటాలు తేల్చే 15వ ఫైనాన్స్ కమిషన్ కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకి 41 శాతం అంది, వినడానికి బానే ఉంటుంది, కానీ పన్ను మీద అదనంగా వేసే సెస్సులు సర్‌ఛార్జీలు ఆ లెక్కలోకి రావు. పెట్రోలు మీద కేంద్రం తీసుకునేదాంట్లో ఎక్కువ భాగం అదే బాపతు.

లా_చదివినోడు:
డబ్బుల విషయం ఒప్పుకుంటా. కానీ ప్రతిసారీ ఢిల్లీ మాటే నెగ్గుతుందంటే కుదరదు. 1984లో గవర్నర్ ఎన్టీఆర్‌ని దించితే సరిగ్గా నెలకి మళ్ళీ కూర్చోబెట్టాల్సొచ్చింది, అది కోర్టు కాదు, జనం చేసిన పని. 1994లో కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రపతి పాలనకి గట్టిగా పగ్గాలేసింది. జీఎస్టీ సంగతులు తేల్చే జీఎస్టీ కౌన్సిల్లో కేంద్రం ఓటు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు, ఏదైనా పాసవ్వాలంటే నాలుగింట మూడొంతులు కావాలి. అంటే కేంద్రం ఒక్కటే చేసేదేం లేదు, నిజమే, కేంద్రం వద్దంటే కూడా ఏదీ జరగదు.

అడిగినోడు:
థాంక్స్ అందరికీ, బావకి పంపించా, ఆర్టికల్ 3 ఒక్కటే చదివి నేను చెప్పలా అంటున్నాడు. అద్దెల కంట్రోల్ కేంద్రం చేతిలో ఉందన్నారు కదా, మా ఓనర్ జనవరిలో రెండు వేలు పెంచాడు, దానికి ఎవర్ని పట్టుకోవాలి?