ఐసు సగం కరిగిన చెరువులోకి కయాకేసుకుని గాలానికెళ్తానంటన్నాడు మా తమ్ముడు, ఆపాలా వద్దా?

కళింగపట్నం_పెద్దోడు
అందరికీ నమస్కారం. మా తమ్ముడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం మినియాపోలిస్‌లో జాబ్ చేస్తన్నాడు, పోయిన వేసవిలో కయాక్ (తెడ్డేసుకుని పోయే సన్నటి చిన్న పడవ) కొన్నాడు, ఎండాకాలం తిరిగాడు, అంతవరకూ బానే ఉంది. ఇప్పుడు అక్కడ మిన్నెటోంకా అని పెద్ద చెరువు, మధ్యలో ఐసు అలాగే ఉంది, ఒడ్డమ్మట నీళ్ళు తేలాయంట, ఈ శనివారం కయాక్ దించి క్రాపీ చేపలకి గాలం వేస్తానంటన్నాడు. లైఫ్ జాకెట్ ఉంది, లోపల జీన్స్ స్వెట్టరే. ఒంట్లోకి నీళ్ళు రాకుండా డ్రైసూట్ అని ఒకటుంటాదట, అది కొనరా అంటే ఖర్చు అంటన్నాడు. అమ్మ వద్దంటంది, నాన్నేమో సంద్రం పక్కన పుట్టినోడికి చెరువొక లెక్కా అంటన్నారు. నేనేటి చెప్పాలి వాడికి?

భావనపాడు_తెప్ప
ఎల్లనియ్యండి అన్నా. మేం తెల్లారగట్ల మూడింటికి తెప్ప దించుతాం, పుష్యమాసం చలిలో కూడా, ఒంటి మీద తడిసిన చొక్కా తప్ప ఏటీ ఉండదు. కెరటం కొట్టి తెప్ప తిరగబడితే పట్టుకుని మళ్ళీ ఎక్కుతాం, అందులో ఏటుంది. మీవోడికి ఈతొచ్చు, జాకెట్ ఉంది, అక్కడ కెరటాల్లేవు. ఇంట్లో కూచుని మనం భయపెడితే నీళ్ళ మీద చెయ్యి వణుకుతాది, అదే ప్రమాదం.

టెక్కలి_విన్నిపెగ్
భావనపాడు తమ్ముడూ, నువ్వు చేసే పని నేను చెయ్యలేను, ఆ విషయంలో నీకు దండం. కానీ ఇక్కడ లెక్క వేరు. మన సంద్రం ఎంత చలికాలమైనా పాతిక డిగ్రీల దగ్గర ఉంటాది, ఆ చెరువులో ఐసు పక్కన నీళ్ళు 4 డిగ్రీలు కూడా ఉండవు చాలాచోట్ల. నేను కెనడాలో విన్నిపెగ్‌లో చాలాకాలం ఉండి వచ్చాను, అక్కడి యూనివర్సిటీ ఆఫ్ మానిటోబాలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ చల్లనీళ్ళలో పడితే ఒంటికేమవుతాదో తానే ఐసునీళ్ళలో దిగి చూపించినాయన, ఆయన చెప్పే లెక్క 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరి మన మాట వినదు, దానంతటదే గట్టిగా ఎగపీలుస్తాం, ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే అక్కడితో అయిపోయినట్టే. తర్వాత 10 నిమిషాలు చేతులు కాళ్ళు కాస్త పనిచేస్తాయి, ఆ తర్వాత వేళ్ళు ముడవలేం, జిప్పు లాగలేం, కయాక్ అంచు పట్టుకోలేం. స్పృహ పోవడానికి సుమారు 1 గంట. అంటే జనం అనుకున్నట్టు చలికి గడ్డకట్టి పోవడం కాదు, చాలామంది అంతకంటే చాలా ముందే మునిగిపోతారు, గజ ఈతగాళ్ళు కూడా. ఈత అనేది చేతులు ఆడితేనే కదా. జాకెట్ తల పైకి ఉంచుతాది, అందుకే అది తీసెయ్యకూడదు, న్యూయార్క్ రాష్ట్రంలో నవంబర్ 1 నుంచి మే 1 దాకా 21 అడుగుల లోపు బోటులో ఉన్న ప్రతోడూ వేసుకుని తీరాలని చట్టమే ఉంది. కానీ జాకెట్ వెచ్చగా ఉంచదు. జీన్స్‌తో నేనైతే మా అబ్బాయిని దించనివ్వను.

తాటిపూడి_గాలం
నాకు గాలం పిచ్చి కాబట్టి ఆ కుర్రోడి తొందర అర్థమవుతోంది. ఐసు పోయిన వెంటనే చేపంతా లోతులేని చోటికి వస్తుంది, ముఖ్యంగా ఉత్తరం ఒడ్డున ఉండే చిన్నచిన్న మలుపుల్లోకి, ఎందుకంటే అక్కడ సూర్యుడు దక్షిణం వైపు నుంచి వస్తాడు, ఆ ఒడ్డుకి ఎండ నేరుగా తగులుతుంది, అడుగున నల్లబురద ఉంటే ఇంకా త్వరగా వేడెక్కుతుంది, పురుగూ చిన్న చేపా అక్కడే చేరతాయి, వాటెనక క్రాపీలు. మిన్నెసోటాలో వాల్ఐ, పైక్ లాంటి చేపలకి సీజన్ మే మధ్యలో గానీ తెరవరు, క్రాపీకి ఏడాదంతా ఓపెన్, అందుకే అందరూ దాని మీదే పడతారు. నా మాటేమిటంటే ఆపొద్దు, డ్రైసూట్ వేయించి పంపండి. అయితే డ్రైసూట్ నీళ్ళు ఆపుతుంది తప్ప వేడి ఇవ్వదు, లోపల ఉన్ని బట్టలు రెండు పొరలు వేసుకోవాలి, ఉత్తినే బనియన్ మీద వేసుకుంటే డబ్బు దండగ.

సోంపేట_లక్ష్మి
చేప ఒడ్డు దగ్గరికే వస్తుందని మీరే అంటున్నారు కదండీ తాటిపూడి గారూ, మరి కయాక్ ఎందుకు? రేవు మీద నిలబడి వేస్తే అందదా? నిజంగా తెలియక అడుగుతున్నా.

తాటిపూడి_గాలం
మంచి ప్రశ్న అమ్మా. చాలాచోట్ల అందుతుంది. ఒడ్డంతా ఇళ్ళవాళ్ళ సొంత స్థలాలైతే నిలబడే చోటు దొరకదు, కయాక్ అయితే ఏ మూలకైనా వెళ్ళొచ్చు, అదొక్కటే తేడా. కానీ పబ్లిక్ రేవు దగ్గర మొదలుపెడితే తప్పేం లేదు.

భావనపాడు_తెప్ప
విన్నిపెగ్ అన్న చెప్పింది చదివాను, నీళ్ళ సంగతి ఒప్పుకుంటన్నాను, మా సంద్రంతో పోల్చడం కుదరదు. కానీ మీరంతా సూట్ గురించే మాటాడుతున్నారు, గాలి సంగతి ఎవరూ ఎత్తట్లేదు. మా దగ్గర పడమటి గాలి వీచిన పూట ఒడ్డు దగ్గర సంద్రం నున్నగా నూనె పోసినట్టు ఉంటాది, కొత్తోడు చూసి ఇవాళ ఎంత బాగుందో అనుకుంటాడు, అదే గాలి వాణ్ణి తూర్పుకి తోసుకుపోతాది, వెనక్కి తెడ్డెయ్యలేడు. ఆ చెరువులో గాలి మారితే ఆ ఐసు పలకంతా కదులుతాదా లేదా, నాకు అది చెప్పండి ముందు.

టెక్కలి_విన్నిపెగ్
కదులుతాది తమ్ముడూ, సరైన చోట పట్టుకున్నావు. ఒడ్డు విడిచిన పలక మొత్తంగా గాలితో జరుగుతాది, పొద్దున్న తేటగా ఉన్న రేవు మధ్యాహ్నానికి ఐసుతో మూసుకుపోవచ్చు. అప్పుడు మనోడు పలకకీ ఒడ్డుకీ మధ్య ఉంటే తెడ్డేసి దాటలేడు, దిగి నడవలేడు, ఎందుకంటే వసంతంలో ఐసు మందంగా కనపడినా లోపల నిలువుగా పుల్లలు పుల్లలుగా విడిపోయి ఉంటాది, కాలు పెడితే చెదిరిపోతాది. నీళ్ళలో పడినోడు దాని అంచు పట్టుకున్నా అది విరుగుతూనే ఉంటాది. కయాక్ అంచుకి పలక మూల గీసుకుంటే బొక్క పడే ప్రమాదం కూడా ఉంది.

కళింగపట్నం_పెద్దోడు
ఈ మాటలన్నీ వాడికి ఫార్వర్డ్ చేశాను. డ్రైసూట్ వద్దు, వెట్‌సూట్ చాలదా, సగం ధరకి వస్తాది అంటన్నాడు. ఫ్రెండొకడు వస్తాడంట వేరే కయాక్‌లో. ఐసుకి దూరంగా ఒడ్డమ్మటే ఉంటాను, నడుం లోతు దాటను అని ప్రామిస్ చేస్తన్నాడు.

టెక్కలి_విన్నిపెగ్
వెట్‌సూట్‌లో నీళ్ళు లోపలికొస్తాయి, ఆ పలచటి పొరని ఒళ్ళు వేడి చేసుకోవాలి, మందం బాగా ఉంటే కొంతసేపు కాపాడతాది. డ్రైసూట్ మేలు, కానీ జీన్స్ కంటే మందపాటి వెట్‌సూట్ వంద రెట్లు నయం, అది నేను కాదనను. ఫ్రెండుండడం మంచిదే. నడుం లోతు మాట కూడా మంచిదే, పడినా నిలబడగలడు, అడుగున బురద కాలు పట్టెయ్యకపోతే. అయితే తిరగబడిన కయాక్ మీదకి మళ్ళీ ఎక్కడం ఎప్పుడైనా ప్రాక్టీస్ చేశాడా, వేసవిలో గోరువెచ్చని నీళ్ళలో పది సార్లు? చెయ్యనోడు ఐసునీళ్ళలో మొదటిసారి నేర్చుకోలేడు. ఫోను వాటర్‌ప్రూఫ్ కవర్లో జాకెట్‌కే కట్టుకోవాలి, కయాక్‌లో పెడితే కయాక్‌తో పాటు పోతాది. విజిల్ కూడా.

సోంపేట_లక్ష్మి
మీ అమ్మగారికి ఏ రేవు నుంచి దిగుతున్నాడో, ఎన్నింటికి ఒడ్డెక్కుతాడో వాట్సాప్‌లో పెట్టమనండి, ఆ టైం దాటితే అక్కడ 911 కి ఫోన్ చేసే మనిషి ఒకరుండాలి. ఇక్కణ్ణుంచి మనం చెయ్యలేం కదా, పక్కింటివాళ్ళో ఆఫీసువాళ్ళో ఉండాలి.

భావనపాడు_తెప్ప
నేనిప్పటికీ వాణ్ణి ఎల్లొద్దనను అన్నా. కానీ ఒడ్డు నుంచి లోపలికి తోసే గాలుంటే దిగొద్దు, ఐసు వాడికీ రేవుకీ మధ్యలోకి వచ్చే వైపు గాలుంటే అసలు దిగొద్దు, దిగాక గాలి మారితే ఎంత చేప పడతన్నా అప్పుడే ఎక్కీమనండి.

కళింగపట్నం_పెద్దోడు
మాట్లాడాను. తిరగబడి ఎక్కడం ఎప్పుడూ చెయ్యలేదంట. ఈ శనివారం పబ్లిక్ రేవు మీద నిలబడి వేస్తాడు, ఆ చెరువులో ఐసు మామూలుగా ఏప్రిల్ మధ్యకి పూర్తిగా పోతాదంట కాబట్టి అప్పటికి సూట్ సంగతి చూస్తానన్నాడు. సెకండ్ హ్యాండ్ డ్రైసూట్ కొంటే మెడ దగ్గర, మణికట్టు దగ్గర రబ్బరు చిరిగిందో లేదో ఎలా చూసుకోవాలో ఎవరైనా చెప్పండి.

టెక్కలి_విన్నిపెగ్
రబ్బరు సాగదీసి వెలుతురుకి పెట్టి చూడమను, సన్న పగుళ్ళున్నా, చేతికి జిగురుగా అంటుకున్నా పాతబడిపోయినట్టే, రేటు తగ్గించమని రబ్బరు మార్పించుకోవచ్చు. జిప్పు మీద మడత పడిన గుర్తుంటే మాత్రం వదిలెయ్యమను. కొన్నాక మోకాళ్ళ లోతు నీళ్ళలో, రేవు పక్కనే, ఫ్రెండు చెయ్యి పట్టుకుని కూచుని చూడాలి, లోపల బట్టలు ఎక్కడ తడిస్తే అక్కడ కారుతున్నట్టు.