అప్‌డేట్: పిక్సెల్ 3ఏలో ఉబుంటు టచ్ లోగో దగ్గరే ఆగిపోవడం (తీరింది)
గూగుల్ పిక్సెల్ 3ఏ ఫోన్‌లో ఆండ్రాయిడ్ బదులు ఉబుంటు టచ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే, ఫోన్ లోగో దగ్గరే ఆగిపోతోందని ఇంతకుముందు అడిగాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. "కింద ఏ ఆండ్రాయిడ్ ఉందో చూడండి" అన్న సలహాయే పనిచేసింది. ఫోన్‌లో ఉన్నది ఆండ్రాయిడ్ 12, ఈ ఫోన్ కోసం మలిచిన ఉబుంటు టచ్‌కు కావలసింది 9. 2017 ఏప్రిల్‌లో ఉబుంటు తయారుచేసే కెనానికల్ సంస్థ చేతులెత్తేశాక యూబీపోర్ట్స్ బృందం నిలబెట్టిన ఈ సిస్టమ్, హార్డ్‌వేర్‌తో మాట్లాడేది హేలియం అనే పొర ద్వారా. దానికి ఆండ్రాయిడ్ డ్రైవర్లే దిక్కు. వెర్షన్ తేడా వస్తే ఇక అంతే సంగతులు.

బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్‌లోనే ఉంచి, ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి సిస్టమ్ ఎక్కించే మోడ్) గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ 9 ఫ్యాక్టరీ ఇమేజ్ (మొత్తం సిస్టమ్ ఉన్న ఫైల్) ఫ్లాష్ చేయాలి, అంటే ఎక్కించాలి. డేటా మొత్తం పోతుంది, ముందే కాపీ చేసుకోండి. తర్వాత యూఎస్‌బీ డీబగ్గింగ్ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలివ్వనిచ్చే సెట్టింగ్) మళ్లీ ఆన్ చేసి, యూబీపోర్ట్స్ ఇన్‌స్టాలర్‌లో వైప్ (పాత డేటా చెరిపేయడం) టిక్ పెట్టి నడిపితే చాలు.

అంతకుముందు నేను కేబుల్, యూఎస్‌బీ పోర్టు మార్చిన శ్రమంతా వృథా. వాటికీ దీనికీ సంబంధమే లేదు.