బోర్ల నీళ్ళు: ఊరే లెక్క చూసుకుంటే సరిపోతుందా, చట్టం ఉండాల్సిందేనా?

చీనీతోట (అనంతపురం):
కొత్త బోర్లు ఆపాలని కొందరు, ఎవరి పొలం వాళ్ళిష్టమని కొందరు. మా ఊళ్ళో మళ్ళీ అదే గొడవ. ముందు కొలుద్దాం అంటాను నేను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని ఒక పథకం నడిచింది. భూగర్భజలాన్ని రైతులే కొలవడం దాని పద్ధతి. మా ఊరూ అందులో ఉంది. పదిహేను రోజులకోసారి బోరులోకి తీగ వదిలేవాళ్ళం, నీళ్ళు తగలగానే మీటరు కుయ్‌మనేది. డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూసి మోటారు ఎంత పోస్తోందో తేల్చేవాళ్ళం. వాన కొలత సరేసరి. రబీకి ముందు అందరం కూర్చుని, భూమిలోకి దిగింది ఇంత, అనుకున్న పంటలన్నీ వేస్తే తోడేది ఇంత అని గోడ మీద రాసేవాళ్ళం. అది చూసి వరి వేద్దామనుకున్న వాళ్ళలో కొందరు వేరుశనగకి మారారు. ఎవరూ బలవంతం చేయలేదు. పంట మధ్యలో బోరు ఎండితే పెట్టుబడి పోతుందని వాళ్ళకే భయం పట్టుకుంది.

వాల్టా_ఎక్కడ (నల్లగొండ):
అన్నా, అన్నీ ‘వాళ్ళం’ ‘వాళ్ళం’ అనే రాశారు. ఇప్పుడు ఎవరైనా కొలుస్తున్నారా? పథకం డబ్బులు ఆగాక తీగ చుట్ట చుట్టి అటక మీద పెట్టేశారు కదా! పైగా తెలంగాణలో 2018 నుంచి సేద్యానికి 24 గంటలూ ఉచిత కరెంటు. నేను మోటారు ఆపితే ఆ నీళ్ళు నా కింద ఉండిపోవు, పక్కాయన తోడుకుంటాడు. గోడ మీద లెక్క ఆయన్ని ఆపదు, చట్టమే ఆపాలి.

రాళ్ళనేల:
ఆ పక్కాయన మాట నిజమే. మన దగ్గర ఎక్కువ చోట్ల గ్రానైటు. నీళ్ళుండేది పైన మెత్తబడ్డ పొరలో, కింద పగుళ్ళలో. ఇద్దరి బోర్లూ ఒకే పగులు మీద పడితే లోతుగా వేసినవాడిదే నీరు. కానీ కొలవకుండా ఆ సంగతి తెలిసేదెలా? కొబ్బరికాయతో పాయింట్ చూసేవాళ్ళు చెప్పరు!

చీనీతోట (అనంతపురం):
ఆగిపోయిన మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. మరి మీ చట్టం? వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, 2002లో వచ్చింది. తాగునీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదంటుంది. రిగ్గు రాత్రి పదకొండుకి వచ్చి తెల్లారేలోపు వెళ్ళిపోతే చూసేదెవరు?

వాల్టా_ఎక్కడ (నల్లగొండ):
అందుకే పంచాయతీకి అధికారం ఇవ్వాలంటున్నా. ఊరికే కొలతలు కాదు.

బిందెలవరుస:
మీరంతా బోరున్నవాళ్ళు. మీలో మీరే కూర్చుని నీళ్ళు పంచుకుంటే, సెంటు భూమి లేని మా ఇళ్ళకి వేసవిలో ట్యాంకరే గతి. తాగునీళ్ళ వాటా మొదట తీసి పక్కన పెట్టాకే పంటల లెక్క మొదలుపెట్టండి. అప్పుడైతే నేనూ వచ్చి కూర్చుంటా.

చెరువుగట్టు:
మేడమ్ మాట న్యాయం. ఇంకొకటి. పాతరోజుల్లో చెరువు తూము చూసే నీరటికి కళ్ళంలోనే గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. అతను ఊరి మనిషి, జీతం ఊరిది. మీటరు పట్టుకునే మనిషికి ఇప్పుడు ఎవరిస్తారు? ఎకరాకి ఇంతని రైతులే వేసుకుంటే పథకం పోయినా కొలత ఆగదు.

చీనీతోట (అనంతపురం):
మీటరు మా ఇంట్లోనే ఉంది. బ్యాటరీ మార్చి, రబీకి ముందు నాలుగు బోర్లు కొలిచి ఇక్కడే పెడతాను.

వాల్టా_ఎక్కడ (నల్లగొండ):
పెట్టండి అన్నా. ఆ అంకెలు చూశాక కూడా మీ పక్క చేనాయన వరి నాటితే ఏం చేశారో, అదీ రాయండి.