నీలివార్తలో నీలి ఏమిటి?

ప్రశ్న: ఆధారం లేని కబురును ‘నీలివార్త’ అంటాం కదండీ. అబద్ధానికి నీలిరంగు ఎలా అంటింది?

జవాబు: అక్కడ నీలి అంటే నీలిమందు, అంటే ఇండిగో అండీ. అద్దకంవాళ్ల తొట్టి సరిగ్గా పులియకపోతే ఊళ్లో ఏదో ఒక అబద్ధం పుట్టించేవారట. అది ఎంత దూరం పాకితే తొట్టి అంత బాగా కుదురుతుందని నమ్మకం. హిందీలో ‘నీల్ బిగడ్నా’ (నీలిమందు చెడిపోవడం) అనే పలుకుబడి వెనకా ఇదే నమ్మకం ఉంది.

మూఢనమ్మకమని తీసిపారేసే ముందు ఆ తొట్టిలో ఏం జరుగుతుందో చూడాలి. నీలి ఆకులో నీలం ఉండదు, ఇండికాన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది. ఆకు నానితే అది విడిపోయి ఇండాక్సిల్ వస్తుంది. గాలి తగలగానే ఇండాక్సిల్ అణువులు రెండేసి జతకట్టి నీలిమందు అవుతాయి. చిక్కల్లా ఇది నీళ్లలో కరగకపోవడమే. కరగని రంగు నూలులోకి దిగదు. అందుకే సున్నం కలిపిన నీళ్లలో వేసి పులియబెట్టేవారు. సూక్ష్మజీవులు దాన్ని కరిగే పసుపు రూపానికి మారుస్తాయి. తొట్టిలో ముంచి తీసిన గుడ్డ ముందు పసుపుపచ్చగా ఉండి, గాలిలో మన కళ్లముందే నీలమవుతుంది. ఎంత చూసినా తనివి తీరని దృశ్యం అది!

చలి పెరిగినా, సున్నం ఎక్కువైనా ఆ జీవులు పని మానేస్తాయి. కారణం కంటికి కనబడదు, తొట్టినిండా సరుకు, టెన్షన్ మామూలుగా ఉండదు. పుకారు ఊరంతా తిరిగేలోపు తొట్టికి కావలసిన గడువు దొరికేదని నా ఊహ.

ప్రశ్న: రంగుల తయారీలో వాడే రసాయనం అనిలిన్ ఉంది కదా, ఆ మాట కూడా ఇక్కడిదేనా గురువుగారూ?

జవాబు: ఇక్కడిదేనండీ. మన ‘నీల’ అరబ్బీలో ‘అన్నీల్’, పోర్చుగీసులో ‘అనిల్’ అయింది. 1840లో ఫ్రిట్షే అనే రసాయన శాస్త్రవేత్త నీలిమందును కాస్టిక్ పొటాష్ అనే ఘాటైన క్షారంతో కాచి తీసిన నూనెకు అనిలిన్ అని పేరుపెట్టాడు. ఇండోల్ అనే మరో రసాయనం పేరు కూడా ఇండిగో నుంచి వచ్చిందే. నాలుగు కార్బన్లు, ఒక నైట్రోజన్ కలిసిన ఐదు మూలల వలయం, దాన్ని అంటుకుని ఒక బెంజీన్ వలయం, అదీ ఇండోల్. ఇలా వలయంలో కార్బన్ కాని పరమాణువు కూడా ఉంటే విషమచక్రీయ సమ్మేళనం అంటారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త బేయర్ 1880లో నీలిమందును ప్రయోగశాలలో తయారుచేశాడు, 1897లో బీఏఎస్ఎఫ్ అనే జర్మన్ రసాయనాల కంపెనీ దాన్ని బజారుకు తెచ్చింది. ఆకులో పుట్టినా ఫ్యాక్టరీలో పుట్టినా అణువు ఒక్కటే, కాబట్టి జీన్స్ రంగును నీలిమందు అనడంలో తప్పేమీ లేదు.

మీ ఇళ్లలో అద్దకం తెలిసిన పెద్దలుంటే, తొట్టి కుదరనప్పుడు ఏమనేవారో అడిగి ఇక్కడ రాయండి.